కార్వర్ వీధి తెల్ల గ్లౌజులు

ఆ వేసవిలో పొద్దున్నే కార్వర్ వీధిలో నడిస్తే మనుషులు కనిపించేవాళ్ళు కాదు, చేతులు కనిపించేవి. ప్రతి ఇంటి వీధి తలుపు పిడికీ ఒక తెల్ల గ్లౌజు వేలాడుతుండేది, వేళ్ళు కిందికి ఉండేలా. గాలి లేనప్పుడు కదలకుండా ఉండేవి. గాలి వస్తే అన్నీ ఒకే వైపుకి కొద్దిగా ఊగేవి. మొదట్లో కుక్కలు వాటిని చూసి మొరిగాయి, తర్వాత అలవాటు పడ్డాయి. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్ మాత్రం వీధి చివరిదాకా వెళ్ళి, ఉత్తరాలు అలాగే సంచీలో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. చర్చి మెట్లు ఊడుస్తున్న ఒక పెద్దావిడ దగ్గర ఆగాడు.

"ఏమిటమ్మా ఇదంతా? ఎవరైనా పోయారా?"

"పోలేదని చెప్పడానికే అవి," అంది ఆవిడ చీపురు ఆపకుండా. "గ్లౌజు లేని ఇల్లు కనిపిస్తే నాకు చెప్పు."

ఆవిడ పేరు వర్లీన్ టాలివర్. ఆ గ్లౌజుల ఆలోచన ఆవిడదే.

వర్లీన్‌కి అప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. నైరుతి జార్జియాలో, పెకాన్ తోటలకీ వేరుశనగ చేలకీ మధ్య ఉన్న మా ఊళ్ళోనే పుట్టింది. వయసులో ఉండగా వేరుశనగ మిల్లులో గింజలు ఏరింది. తర్వాత బడి వంటగదిలో చేరి, మోకాళ్ళు మొరాయించేదాకా చేసింది. పెళ్ళయింది. భర్త పని వెతుక్కుంటూ ఫ్లోరిడా వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే వర్లీన్ నిన్న వాన పడిందన్నంత మామూలుగా చెప్పేది. పిల్లల్లేరు. ఉన్నదల్లా మూడిళ్ళ అవతల కాపురముండే అక్క రూబీ, బావ లూషస్ బాస్కోంబ్, మౌంట్ నీబో బాప్టిస్ట్ చర్చిలో వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే అషర్ పని.

అషర్ పని అంటే తలుపు దగ్గర నిలబడడమే కదా అనుకునేవాళ్ళు మా చర్చికి రాలేదని అర్థం. మా అషర్లు తెల్ల దుస్తులు, తెల్ల బూట్లు, తెల్ల గ్లౌజులు వేసుకుని నడవల్లో నిలబడతారు. మాట్లాడరు. అన్నీ చేతి సైగలే. ఎడమ పిడికిలి వీపు వెనక, కుడి చెయ్యి పక్కన. ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో అవతలి తలుపు దగ్గర ఉన్నామెకి వేళ్ళతో చెప్తారు. ఎవరైనా ఏడ్చి సొమ్మసిల్లితే చప్పుడు కాకుండా వెళ్ళి పట్టుకుంటారు. వర్లీన్, రూబీ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు వాళ్ళకి ఈ పని నేర్పిన ముసలావిడ చాలా కఠినురాలు. గ్లౌజు నేల మీద పడకూడదు, పడితే అక్కడ ఉండనివ్వకూడదు. మాసిన గ్లౌజు కన్నా వట్టి చెయ్యి నయం. ఎవరి గ్లౌజు వాళ్ళే ఉతికి, గంజి పెట్టి, తడి ఆరకముందే ఇస్త్రీ చేసి, బొటనవేలిని అరచేతిలోకి మడవాలి. ఆ మడత మౌంట్ నీబో ఆడవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు.

మార్చిలో ఊళ్ళో ఒక పెద్దాయన చనిపోతే చుట్టుపక్కల నాలుగూళ్ళ జనం వచ్చారు. వచ్చినవాళ్ళు ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. అషర్లు ఎప్పట్లాగే వరస వరసకీ వెళ్ళి కాగితపు రుమాళ్ళు, విసనకర్రలు అందించారు. కింద హాల్లో రూబీ కోడి వేపుడు, బటర్ బీన్స్ వడ్డించింది. కరోనా అనే మాట టీవీలో వినడమే తప్ప అప్పటికి మా ఊరికి రాలేదనుకున్నారు. అది ఆ రోజే వచ్చింది, అందరితోపాటు వరసలో కూర్చుంది. ఆ తర్వాతి వారాల్లో, ఆ చావుకి వచ్చినవాళ్ళ చావులకి వెళ్ళడానికి మనుషులు లేకుండా పోయారు.

రూబీకి జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో వేలికి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే చిన్న మిషను తగిలించారు. తొంభై ఐదు అని చూపించింది. బాగానే ఉంది, ఇంటికి వెళ్ళమన్నారు. రెండు రోజులకి ఆయాసంతో మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే మిషను, అదే మాట. మూడోసారి ఉంచుకున్నారు గానీ అప్పటికే ఆలస్యమైంది. లూషస్‌ని లోపలికి రానివ్వలేదు. రూబీ చివరి మాటలు ఫోన్‌లో చెల్లెలితోనే.

"లూషస్‌ని చూసుకోవే. వాడికి డబ్బా మూత తియ్యడం కూడా రాదు. ఇంట్లో ఒంటరిగా పోనివ్వకు వాణ్ణి. నాలాగా పోనివ్వకు."

"నువ్వెక్కడికీ పోవడం లేదు."

"మాట ఇవ్వవే."

వర్లీన్ మాట ఇచ్చింది. ఆ సాయంత్రం లూషస్ ఇంట్లో ఫోన్ మోగింది.

పాతిపెట్టిన తర్వాత లూషస్ మరదలితో, "నీకు ఏం కావాలో తీసుకుపో, నాకివేవీ అక్కర్లేదు," అన్నాడు. వర్లీన్ ఒక్క రూబీ ఇస్త్రీపెట్టె తెచ్చుకుంది. లూషస్ దాన్ని జన్మలో ఒక్కసారే ముట్టుకున్నాడు. అప్పుడు కాలిన మచ్చ ఆ ఇంటి బల్ల మీద ఇంకా ఉంది.

ఏప్రిల్ చివర్లో చర్చి పార్కింగ్ స్థలంలో, ఎండలో, కుర్చీలు దూరదూరంగా వేసుకుని మా చర్చి వాళ్ళు కూర్చున్నారు. కౌంటీ వాళ్ళు పంచిన కాగితం మీద 'జ్వరం వస్తే మీ డాక్టరుకు ఫోన్ చేయండి' అని ఉంది. ఆ కాగితంతోనే అందరూ విసురుకుంటున్నారు.

"మా డాక్టరట! ఎవరికున్నాడో చెయ్యెత్తండి, చూసి తరిస్తాం," అన్నారెవరో.

వర్లీన్ లేచి నిలబడింది. "నేను పరీక్షకి వెళ్ళానండీ. ఊరవతల షాపుల దగ్గర చేస్తున్నారు, కారులోంచి దిగకూడదట. నాకు కారేదీ? నడిచి వెళ్ళి, కార్ల వరసలోనే నిలబడ్డా. ముందు కారు కదిలితే నేనూ కదిలా. కిటికీ దాకా వెళ్ళాక ఆ పిల్ల, 'మీ వాహనం ఏదండీ?' అంది."

"కాళ్ళు చూపించకపోయావా!"

"చూపించా. వాటికి నంబరు ప్లేటు లేదంది."

నవ్వులయ్యాక థర్మన్ గాడిస్ గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో నల్లవాళ్ళ అంత్యక్రియలన్నీ తాత కాలం నుంచీ గాడిస్ కుటుంబమే చేస్తుంది. థర్మన్ మాట్లాడితే ఎప్పుడూ చావింట్లో మాట్లాడినట్టే ఉంటుంది.

"చనిపోయినవాళ్ళ కుటుంబాన్ని ఎక్కించుకెళ్ళే పొడుగు కారు నా దగ్గరుంది. ఇప్పుడు కుటుంబాలు రావడం లేదు, కారు ఖాళీగా పడుంది. పరీక్షకి వెళ్ళాలన్నా, ఆస్పత్రికి వెళ్ళాలన్నా కబురు పెట్టండి. అద్దాలు దించి తీసుకెళ్తాను."

వెనక వరసలోంచి లూషస్ అన్నాడు: "పెట్టె కొలతలు కూడా దారిలోనే తీసుకుంటావా, థర్మన్?"

"అక్కర్లేదు లూషస్. నువ్వు చర్చికి వచ్చిన ప్రతి ఆదివారం తీసుకుంటూనే ఉన్నాను."

ఈసారి నవ్వులు తొందరగా ఆగిపోయాయి. థర్మన్ ఇంకో మాట అన్నాడు, ఎవరి మొహం కేసీ చూడకుండా. "నా బల్ల మీదికి వస్తున్నవాళ్ళలో సగం మంది గురించి ఇంటివాళ్ళు ఒకటే చెప్తున్నారు. నంబరు బాగానే ఉంది, ఇంటికి పంపించారు అని. అట్లాంటాలో నర్సు పని చేసే మా మేనకోడల్ని అడిగాను. నల్లటి వేలి మీద ఆ మిషను ఉన్నదాని కన్నా ఎక్కువ చూపించవచ్చట. దాన్ని నమ్మి వెనక్కి రావద్దండి. మణికట్టు దగ్గర రక్తం తీసి చూడమనండి. ఆ ఒక్క వాక్యం అందరూ కంఠతా పట్టండి."

అందరూ దాన్ని ప్రార్థన చెప్పినట్టు మూడుసార్లు కలిసి చెప్పారు. మాస్కుల్లోంచి ఆ మాటలు నేల కింద నుంచి వచ్చినట్టు వినిపించాయి.

ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో తెలిసేదెలా అన్నదే మిగిలింది. మోగితే చావు కబురేనని చాలామంది ఫోన్లు ఎత్తడం మానేశారు. లూషస్ అయితే తీగే పీకేశాడు. అది చెప్పాల్సిందంతా చెప్పేసిందన్నాడు. అప్పుడు వర్లీన్ చర్చి లోపలికి వెళ్ళి అషర్ల గ్లౌజుల పెట్టె తెచ్చింది. అందులో సగం చచ్చిపోయిన అషర్లవి.

పద్ధతి తేలిక. పొద్దున్నే గ్లౌజు తలుపు పిడికి తగిలించాలి, చీకటి పడేలోపు లోపలికి తీసుకోవాలి. పొద్దున గ్లౌజు లేకపోయినా, చీకటి పడ్డాక ఇంకా వేలాడుతున్నా తలుపు కొట్టాలి. గ్లౌజు సరిగ్గా ఉంటే ఎవరూ మెట్లెక్కకూడదు. మా వీధిలో పొద్దుటి కాపలా వర్లీన్‌ది. సాయంత్రం కాపలా లూషస్ ఎదురింట్లో ఉండే జిప్పోరా పెట్వేది. ఎనభై దాటిన అషర్ ఆవిడ. కళ్ళు బాగానే కనిపించేవి. పెట్టెలోది తనకేమీ అక్కర్లేదని లూషస్ సొరుగులోంచి రూబీ గ్లౌజు తీసి తగిలించుకున్నాడు.

ఆదివారాలు చర్చి లేదు. అయినా పదకొండింటికి అషర్లు తెల్ల దుస్తులు వేసుకుని ఎవరి వరండాలో వాళ్ళు నిలబడేవాళ్ళు. ఎడమ పిడికిలి వెనక, కుడి చెయ్యి పక్కన. మాటల్లేవు, పాటల్లేవు. వీధంతా తెల్ల దుస్తుల ఆడవాళ్ళు, తలుపులకి తెల్లటి చేతులు. పొరుగూరి నుంచి దారి తప్పి వచ్చిన ఒక కారు సగం దాకా వచ్చి, తిరగడానికి చోటు లేకపోయినా వెనక్కి నడుపుకుంటూ పోయింది.

వర్లీన్ రోజూ లూషస్ ఇంటి గేటు దగ్గర కాసేపు ఆగేది.

"బావా! తిన్నావా?"

"తిన్నాలే."

"ఏం తిన్నావు?"

"నువ్వేమైనా షెరీఫువా?" కిటికీ తెర వెనక నుంచి వచ్చేది జవాబు.

"జ్వరం వస్తే చెప్తావా?"

"చెప్తే ఏం చేస్తావు, ఆస్పత్రికి పంపుతావా? మీ అక్క అక్కడికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళింది. నేను వెళ్ళను వర్లీన్. వెళ్ళు, ఎండెక్కుతోంది."

తగిలించే గ్లౌజు మాత్రం మానేవాడు కాదు. పిండి పారేసిన గుడ్డలా నలిగి, ఒక వేలు లోపలికి పోయి వేలాడుతుండేది. దాన్ని చూస్తే వర్లీన్‌కి చేతులు దురద పెట్టేవి. మెట్లెక్కకూడదని తానే పెట్టిన నియమం గుర్తొచ్చి ఊరుకునేది.

జూలైలో ఒక పొద్దున ఆ గ్లౌజు ఇస్త్రీ చేసి ఉంది.

వర్లీన్ గేటు దగ్గర ఆగిపోయింది. తెల్లగా మెరిసిపోతోంది. ఒక్కో వేలికీ నిటారుగా గీత. బొటనవేలు అరచేతిలోకి మడిచి ఉంది. అది రూబీ మడత. తెర మూసి ఉంది. లోపల రేడియో సన్నగా మాట్లాడుతోంది. సొరుగులో రూబీ మడిచి పెట్టిన ఇంకో జత తీసుంటాడులే అనుకుంది. "బాగుంది బావా!" అని కేకేసింది. జవాబు రాలేదు. పడుకున్నాడేమో అనుకుని ముందుకి కదిలింది.

మర్నాడూ అంతే. నిన్నంతా ఎండలో, సాయంత్రపు తేమలో వేలాడిన గ్లౌజు కాస్తయినా నలిగిపోవాలి. ఈ గ్లౌజు అప్పుడే బల్ల మీంచి తీసినట్టుంది. గంజి వాసన గేటు దాకా వచ్చింది. తల్లి పోయాక పెరిగిన మేనమామ ఇంట్లో, అక్క పక్కన నిలబడి గంజి కలిపిన రోజులు వర్లీన్‌కి గుర్తొచ్చాయి.

ఆ రాత్రంతా వాన. పొద్దున వీధి ఎర్రటి బురదయింది. గాలి ఎంత తడిగా ఉందంటే అన్ని ఇళ్ళ గ్లౌజులూ ముడుచుకుపోయి, వేళ్ళు వంగి, దేన్నో పట్టుకోబోతున్నట్టున్నాయి. లూషస్ తలుపు మీది గ్లౌజు మాత్రం నిటారుగా, పొడిగా, బిరుసుగా ఉంది. రేడియో ఆగిపోయింది.

వర్లీన్ ఇంటికి వచ్చి ఆదివారానికి తెల్ల గౌను బల్ల మీద పరిచింది. ఇస్త్రీపెట్టె వేడెక్కింది. పిడి పట్టుకుని ఎత్తింది. నల్లటి పిడి, మొన దగ్గర పెచ్చు ఊడిన పెట్టె. రూబీది.

ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె లేదు. అది తన చేతిలో ఉంది.

ప్లగ్గు పీకేసి, బూట్లు కూడా వేసుకోకుండా బురదలోనే వెళ్ళింది. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. మెట్లెక్కి, గ్లౌజుకి తగలకుండా తలుపు బాదింది.

ఎదురింటి వరండాలోంచి జిప్పోరా కేకేసింది. "కొట్టకు వర్లీన్! గ్లౌజు ఉందిగా. ఆ మనిషిని కాసేపు పడుకోనీ."

"దీన్ని ఇస్త్రీ చేసిందెవరు, సిస్టర్ జిప్పోరా?"

జిప్పోరా కాస్త గర్వంగానే చెప్పింది. "నేనే. చీకటి పడ్డా లోపలికి తీయలేదమ్మా. రూబీ గ్లౌజు! రాత్రి తేమలో తడుస్తుంటే చూస్తూ కూర్చోమంటావా? మర్చిపోయుంటాడు, మగవాడు కదా. తెచ్చి ఉతికి, తెల్లారేసరికి మళ్ళీ పెట్టాను."

"మర్నాడు తీశాడా?"

"లేదు. మర్నాడు కూడా..." జిప్పోరా ఆగిపోయింది.

"చీకటి పడ్డాక గ్లౌజు బయటుంటే ఏం చెయ్యాలనుకున్నాం?"

జిప్పోరా రెండు చేతులూ ఏప్రన్ కింద దాచుకుంది. ఎవరి గ్లౌజైనా నేలపాలవుతుంటే ఊరుకోకూడదని అరవై ఏళ్ళకు పైగా ఆ చేతులకి అలవాటు. తలుపు కొట్టాలన్న కొత్త సంగతి ఆ అలవాటు కింద పడి కనపడలేదు. రాత్రుళ్ళు గ్లౌజు తీసిందీ ఆవిడే, పొద్దున్నే తగిలించిందీ ఆవిడే. ఆ ఇంట్లో మనిషి లేచి తిరుగుతున్నట్టు వీధంతా నమ్మింది.

పూలకుండీ కింద తాళంచెవి రూబీ పెట్టిన చోటే ఉంది.

లోపల మూసిపెట్టిన వాసన. ఏప్రిల్‌లో రూబీ పోయినప్పుడు ఆనవాయితీగా అద్దం మీద కప్పిన దుప్పటి ఎవరూ తీయలేదు. అప్పుడే ఆపేసిన గోడ గడియారాన్ని మళ్ళీ ఎవరూ తిప్పలేదు. తలుపుకి ఎదురుగా, రూబీ కుర్చీలో లూషస్ కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. పక్కనే నీళ్ళ జగ్గు ఖాళీగా ఉంది. ఛాతీ కదులుతోందా అని వర్లీన్ చూస్తుండగానే ఆ పెదవులు కొంచెం నవ్వాయి.

"తలుపు... తీశావే... ఇవాళ."

"బావా, నేను వర్లీన్‌ని."

"ష్." వేలు ఎత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. "ఇప్పుడే... వెళ్ళింది."

వర్లీన్ వెనక్కి తిరిగి తలుపు కేసి చూసింది. గ్లౌజు కదలకుండా వేలాడుతోంది.

కాపలావాళ్ళందరికీ చర్చి ఇచ్చిన మిషను ఒకటి ఆవిడ జేబులో ఉంది. అతని వేలికి తగిలించింది. తొంభై నాలుగు. ఆ అంకె చూసింది, ఆ పెదవులు చూసింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే అవతలి గొంతు మొట్టమొదట అడిగింది ఆ అంకే. ఆ అంకెకైతే కాసేపు ఆగాలంది, బండ్లన్నీ బయటున్నాయంది. ఎంతసేపని అడిగితే చెప్పలేమంది.

థర్మన్‌కి చేసింది.

"పొడుగు కారు పరీక్షల దగ్గరుంది, వర్లీన్. ఇప్పుడు నా దగ్గరున్నది ఆ ఇంకోటే."

వర్లీన్ చిన్నప్పుడు నల్లవాళ్ళ వీధికి ఆస్పత్రి బండి వచ్చేది కాదు. ప్రాణం మీదికి వస్తే ఎక్కించుకెళ్ళేది గాడిస్ వాళ్ళ శవాల బండే. కాన్పు కష్టమై రక్తం ఆగకపోతే వర్లీన్ తల్లిని అందులోనే పడుకోబెట్టి తీసుకెళ్ళారు. వెళ్ళేటప్పుడు దుమ్ము లేపుకుంటూ వేగంగా వెళ్ళింది. మర్నాడు అదే బండి అదే దారిలో మెల్లగా వచ్చింది. వరండాలో నిలబడ్డ ఇద్దరక్కచెల్లెళ్ళకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. బండి నడకే చెప్పింది. అప్పట్నుంచీ వర్లీన్ ఆ బండి ఎదురైతే పక్క సందులోకి తిరిగేది.

"వర్లీన్? ఉన్నావా?"

"తీసుకురా," అంది. "వేగంగా రా థర్మన్. దారి పొడుగునా వేగంగా రా."

నల్లటి బండి వీధిలోకి వచ్చి లూషస్ గుమ్మం ముందు ఆగింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. జనం వరండాల్లోకి వచ్చి నిలబడ్డారు. మగవాళ్ళు టోపీలు తీశారు. ఎవరో కీర్తన అందుకున్నారు.

"టోపీలు పెట్టుకోండిరా!" వర్లీన్ గుమ్మంలోంచి అరిచింది. "పాట ఆపండి! ఇంకా బతికే ఉన్నాడు!"

పెట్టె ఉండాల్సిన చోట పరుపు వేసి లూషస్‌ని పడుకోబెట్టారు. పక్కన మోకాళ్ళ మీద వర్లీన్ కూర్చుంది. కిటికీలకి ముదురు ఊదారంగు తెరలు. లూషస్ పైకప్పు కేసి చాలాసేపు చూశాడు.

"థర్మన్... సరిపోయానా?"

"నోరు మూసుకుని ఊపిరి పీల్చు," అన్నాడు థర్మన్ అద్దంలో చూస్తూ. ఆ బండి అంత వేగంగా వెళ్ళడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఆస్పత్రి గుమ్మంలో ఒక అమ్మాయి వేలికి మిషను పెట్టింది. తొంభై నాలుగు. లోపల మంచాల్లేవు, ఈ అంకెతో వచ్చినవాళ్ళని ఇంటికి పంపుతున్నామంది. మాటలో మర్యాద తగ్గలేదు. రూబీకి చెప్పినప్పుడూ తగ్గలేదట.

"వేలు కాదమ్మా," అంది వర్లీన్. "మణికట్టు దగ్గర రక్తం తీసి చూడండి."

"మేడమ్, అది అందరికీ చెయ్యం."

"అందరికీ వద్దు. ఇతనికి చాలు."

అమ్మాయి లోపలికి వెళ్ళింది, ఇంకొకాయన వచ్చి అదే చెప్పాడు. వర్లీన్ అదే వాక్యం చెప్పింది. గొంతు పెంచలేదు. గుమ్మానికి ఒక పక్కగా, ఎవరి దారికీ అడ్డం లేకుండా నిలబడింది. ఎడమ పిడికిలి వీపు వెనక, కుడి చెయ్యి పక్కన, కాళ్ళకి ఎర్రటి బురద. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు ఆవిడని దాటుకుంటూ నడిచారు. గుమ్మం ఎదురుగా శవాల బండి వెనక తలుపు తెరుచుకుని ఉంది, అందులోంచి ఒక ముసలి మనిషి రెండు పాదాలు కనిపిస్తున్నాయి. దాన్ని అక్కణ్ణుంచి తీయమంటే థర్మన్ టోపీ తీసి, ఎంతో వినయంగా, మనిషిని దించుకోగానే తీస్తానన్నాడు. చివరికి ఒక కుర్రడాక్టరు సిరంజి పట్టుకుని వచ్చి రక్తం తీసుకుని వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నడిచి వెళ్ళాడు. వచ్చేటప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు, వెనక ఇద్దరు, చక్రాల మంచం. తలుపులు మూసుకున్నాయి.

ఆగస్టు సగం గడిచాక ఇంటికి పంపుతున్నామని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. రూబీ విషయంలో కూడా ఇంటికి పంపుతున్నామనే అన్నారు కాబట్టి వర్లీన్ ఆ మాటని పూర్తిగా నమ్మలేదు. తెల్ల గౌను వేసుకుని లూషస్ వరండాలో నిలబడింది. వీధి మలుపు దగ్గర నల్లటి బండి కనిపించింది. పొడుగు కారు కాదు, అదే. మెల్లగా వస్తోంది. ఒక్కో ఇంటినీ దాటుకుంటూ, మెల్లగా. వర్లీన్ కుడి చెయ్యి స్తంభాన్ని పట్టుకుంది.

బండి ఆగింది. ముందు తలుపు తెరుచుకుంది. ముందు సీట్లోంచి, సగానికి సగం తగ్గిపోయిన లూషస్ కర్ర ఊతంగా కాలు కింద పెట్టాడు.

"ఈ థర్మన్‌కి బతికున్నవాణ్ణి ఎక్కించుకుని నడపడం రాదు," అన్నాడు ఆయాసపడుతూ. "నడిచొస్తే ముందొచ్చేవాణ్ణి."

ఆ సాయంత్రం వర్లీన్ మొక్కజొన్న నూకతో గ్రిట్స్ వండి మెట్ల మీద పెట్టి, దూరంగా కూర్చుంది. లూషస్ రెండు ముద్దలు తిని చెంచా పక్కన పెట్టాడు.

"నీకొకటి చెప్పాలి. నవ్వకు. నేను పడి ఉన్నన్ని రోజులూ రూబీ వచ్చింది."

వర్లీన్ నవ్వలేదు.

"చీకటి పడుతుంటే వరండా మీద అడుగులు. చెక్క కిర్రుమనేది. తలుపు పిడి కొద్దిగా కదిలేది. గ్లౌజు తీసుకుని వెళ్ళిపోయేది. తెల్లారుతుండగా మళ్ళీ అడుగులు, గంజి వాసన. నా గ్లౌజు ఉతికి తెచ్చి పెడుతోంది, అంతే. లోపలికి రావడం లేదు. నేను అరవొచ్చు వర్లీన్, మొదటి రోజు ఆ మాత్రం గొంతు ఉంది. అరిస్తే ఇక రాదేమోనని ఊరుకున్నాను."

వర్లీన్ వీధికి అవతల చూసింది. జిప్పోరా తన వరండాలో చేతులు ఏప్రన్ కింద పెట్టుకుని ఇటే చూస్తోంది. ఆ తర్వాత కూడా, లూషస్ కర్ర లేకుండా నడిచేదాకా, ఆవిడ రోజూ అలాగే కూర్చుంది. వర్లీన్ బావకి ఏమీ చెప్పలేదు. "తిను, చల్లారిపోతోంది," అంది.

తర్వాత ఒక రోజు చర్చి ముందు జిప్పోరా వర్లీన్‌ని ఆపింది. "ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తాను. గ్లౌజు నేను తీశాను, నా తప్పే. కానీ వాన రాత్రి నేను తీయలేదు. మోకాలు పట్టేసి మంచం దిగలేదు. తెల్లారి కూడా నేను పెట్టలేదు."

"రోజులు కలిసిపోయాయి సిస్టర్. ఆ వేసవి ఎవరికీ లెక్క తెలియలేదు."

"అంతేనేమో," అంది జిప్పోరా.

ఆ వేసవి నిజంగానే అలాంటిది. మంగళవారాన్ని గురువారం అనుకున్నవాళ్ళు ఊళ్ళో చాలామంది. వర్లీన్ కూడా అదే అనుకుని ఊరుకుంది. కానీ వానలో అన్ని గ్లౌజులూ ముడుచుకుపోయిన ఆ పొద్దున, ఆ ఒక్కటీ బిరుసుగా నిలబడ్డ సంగతి ఎవరైనా ఎత్తితే ఆవిడ మాట మార్చేది.

పద్ధతికి ఇంకో నియమం కలిపారు. ఎదుటివాళ్ళ గ్లౌజు ఎవరూ ముట్టుకోకూడదు. ఊడినా, పడినా, కుక్క ఎత్తుకుపోయినా సరే. తలుపు కొట్టడమే. అషర్లకి ఇది మింగుడుపడలేదు. గ్లౌజులు పక్క వీధులకి, తర్వాత పక్క ఊళ్ళ చర్చిలకి పాకినప్పుడు కూడా ఎక్కువ వాదన ఈ నియమం దగ్గరే జరిగింది.

అక్టోబర్‌లో, వాన వెలిసిన ఒక పొద్దున, వర్లీన్, జిప్పోరా కలిసి నడుస్తున్నారు. వీధి చివర ఒక ముసలావిడ ఇంటి మెట్ల కింద, ఎర్రటి బురదలో, గ్లౌజు బోర్లా పడి ఉంది. వేళ్ళు విప్పుకుని, బురదలోంచి లేవబోతున్న చెయ్యిలా.

జిప్పోరా వంగింది. చెయ్యి దాని దాకా వెళ్ళి, గాలిలో ఆగి, వెనక్కి వచ్చి ఏప్రన్ కిందికి పోయింది. వర్లీన్ గ్లౌజు మీదుగా దాటి మెట్లెక్కి తలుపు కొట్టింది. లోపల ఏ చప్పుడూ లేదు. మళ్ళీ కొట్టింది.

"వస్తున్నా, వస్తున్నా! తలుపు ఊడగొడతారా ఏమిటి!" అని లోపలినుంచి తిట్టుకుంటూ ఒక గొంతు వచ్చింది.

వర్లీన్ మెట్టు మీద కూలబడింది. జిప్పోరా మాత్రం అక్కడే నిలబడి, బురదలోని ఆ గ్లౌజునే చూస్తూ ఉండిపోయింది.